జాన్ వెస్లీ పావెల్: కుడి చేయి లేదు.. మ్యాప్ లేదు.. అయినా గ్రాండ్ కేనియన్‌ దాటేశాడు! అసలు ఆ ట్రిప్ ప్లాన్‌లో ఏం తప్పు జరిగింది?

గ్రాండ్ కేనియన్.. అమెరికాలో ఉన్న మనవాళ్లు లాంగ్ వీకెండ్ వస్తే టెంట్ సర్దుకుని బయల్దేరే చోట్లలో ఇదొకటి. ఇప్పుడైతే ఫోన్‌లో మ్యాప్ ఉంది, వెదర్ రిపోర్ట్ ఉంది. కానీ 1869లో ఆ లోయలో ఏముందో చెప్పే మ్యాప్ ఒక్కటీ లేదు. అక్కడి ఆదివాసీ తెగలు వేల ఏళ్లుగా ఆ ప్రాంతంలోనే బతుకుతున్నాయి. బయటి ప్రపంచానికి మాత్రం అది మ్యాప్‌లో ఖాళీ జాగా. పది మందితో, నాలుగు పడవలతో ఆ ఖాళీని నింపడానికి బయల్దేరిన మనిషే జాన్ వెస్లీ పావెల్.

యుద్ధంలో పోయిన చేయి

పావెల్ 1834 మార్చి 24న న్యూయార్క్ రాష్ట్రంలోని మౌంట్ మోరిస్‌లో పుట్టాడు. తండ్రి మెథడిస్టు ప్రచారకుడు. బానిసత్వానికి గట్టి వ్యతిరేకి. కొడుక్కి మాత్రం చిన్నప్పటి నుంచీ రాళ్లు, నదులు అంటేనే పిచ్చి. ఇరవైల్లోనే మిసిసిపీ, ఒహాయో నదులపై పడవ వేసుకుని తిరిగాడు.

అంతర్యుద్ధం మొదలవగానే ఉత్తరాది సైన్యంలో చేరాడు. 1862 ఏప్రిల్ 6న షైలో యుద్ధంలో తూటా తగిలింది. కుడి చేతిని మోచేతి కింద తీసేయాల్సి వచ్చింది. ఆ నొప్పి జీవితాంతం ఆయన్ను వదల్లేదు. అయినా మళ్లీ యుద్ధానికి వెళ్లాడు. తర్వాత ఇల్లినాయిలో జియాలజీ ప్రొఫెసర్ అయ్యాడు. 1867, 1868లో విద్యార్థులను వెంటబెట్టుకుని రాకీ పర్వతాలకు వెళ్లాడు. భార్య ఎమ్మా కూడా ఆ కొండల్లో క్యాంప్ చేసింది.

ప్లాన్ పక్కాగానే ఉంది.. కానీ

1869 మే 10న అమెరికాను తూర్పు నుంచి పడమరకు కలిపే రైల్వే లైన్ పూర్తయింది. షికాగోలో కట్టించిన నాలుగు పడవలు రైల్లోనే వయోమింగ్‌లోని గ్రీన్ రివర్ స్టేషన్‌కు చేరాయి. మూడు పెద్దవి, ఓక్ చెక్కతో చేసినవి. ఒక్కోటి 21 అడుగులు. నాలుగోది దారి చూసుకుంటూ ముందు వెళ్లే చిన్న పడవ. దానికి భార్య పేరే పెట్టాడు.. ఎమ్మా డీన్.

చలికాలంలో లోయలోనే చిక్కుకుపోతే ఎలా అని పది నెలల తిండి సర్దించాడు. పిండి, బేకన్, ఎండు యాపిల్స్, కాఫీ. పడవలు బాగు చేసుకోవడానికి రంపాలు, సుత్తులు, మేకులు. ఎత్తు కొలవడానికి బారోమీటర్లు. సరుకులను మూడు పెద్ద పడవల్లో సమానంగా పంచాడు. ఒకటి మునిగినా మిగతా వాటిలో తిండి ఉంటుందన్నది లెక్క. మే 24న యాత్ర మొదలైంది.

రెండు వారాలకే అసలు పరీక్ష ఎదురైంది. లొడోర్ లోయలో నో నేమ్ అనే పడవ రాళ్లకు కొట్టుకుని ముక్కలైంది. అందులో ఉన్న ముగ్గురినీ మిగతావాళ్లు కాపాడారు. తిండి పంచిపెట్టడం అక్కడ పనికొచ్చింది. కానీ బారోమీటర్ల సంగతి ఎవరూ ఆలోచించలేదు. అన్నీ ఆ ఒక్క పడవలోనే ఉన్నాయి! అవి లేకపోతే సర్వే ఆగిపోయినట్టే. అదృష్టం కొద్దీ మరునాడు పడవ శిథిలంలో దొరికాయి. కొద్ది రోజులకే క్యాంప్‌లో మంటలు అంటుకున్నాయి. వంట సామాన్లు చాలావరకు పోయాయి.

ఇంకోసారి పావెల్ కొండ ఎక్కుతూ మధ్యలో ఇరుక్కుపోయాడు. పైకి వెళ్లలేడు, కిందికి దిగలేడు. ఉన్నది ఒక్క చేయి. తాడు కూడా లేదు. పైనున్న బ్రాడ్లీ తన లోపలి పొడుగు లాగు విప్పి కిందికి వేలాడదీశాడు. దాన్ని పట్టుకునే పావెల్ బతికాడు.

పది నెలల తిండి.. మూడు నెలలకే ఖాళీ

అసలు సమస్య తిండి దగ్గరే వచ్చింది. కొంత మునిగిన పడవతో పోయింది. మిగిలింది తడిసి బూజు పట్టింది. ఆగస్టులో గ్రాండ్ కేనియన్‌లోకి వెళ్లేసరికి బేకన్ పాడైపోయింది, పారేయక తప్పలేదు. ఆగస్టు 17 నాటికి మిగిలింది పది రోజులకు సరిపోయే బూజు పిండి, కొన్ని ఎండు యాపిల్స్. కాఫీ మాత్రం దండిగా ఉంది. మనిషికో దుప్పటి కూడా లేదు. దారి మధ్యలో సరుకులు అందే ఏర్పాటు గ్రాండ్ కేనియన్‌లో ఎక్కడా లేదు. ప్లాన్‌లో పెద్ద లోపం అదే. ఇంత జరుగుతుంటే బయట పేపర్లలో వీళ్లంతా చనిపోయారన్న తప్పుడు వార్త కూడా వచ్చేసింది.

ఆగస్టు 28న ఇంకో భయంకరమైన ప్రవాహం ఎదురైంది. ఇందులో దిగితే చావే అనుకున్నారు ముగ్గురు.. ఒరమెల్ హౌలాండ్, అతని తమ్ముడు సెనెకా, విలియం డన్. గోడ ఎక్కి బయటపడతామని విడిపోయారు. ఒకాయన జులైలోనే వెళ్లిపోయాడు కాబట్టి పావెల్‌తో కలిపి మిగిలింది ఆరుగురు. ఎమ్మా డీన్‌ను అక్కడే వదిలేసి, రెండు పడవలతో ఆ ప్రవాహం దాటేశారు. ఆగస్టు 30న వర్జిన్ నది కలిసే చోట ఒడ్డు చేరారు. మొత్తం 99 రోజులు, దాదాపు 1,600 కిలోమీటర్లు.

పైకి ఎక్కిన ఆ ముగ్గురూ తిరిగి రాలేదు. వాళ్లను చంపేశారని తర్వాత తెలిసింది. చంపిందెవరన్న దానిపై ఇప్పటికీ వాదనలు నడుస్తూనే ఉన్నాయి. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే వాళ్లూ ఒడ్డు చేరేవాళ్లే. కానీ ఆ సంగతి లోయలో ఉన్న ఎవరికీ తెలియదు.

రెండోసారి ప్లాన్ మారింది

పావెల్ ఇంతటితో ఆగలేదు. 1870లో నేల మీద నుంచి వచ్చి నదికి దిగే దారులు వెతికాడు. 1871 మేలో మూడు పడవలతో మళ్లీ బయల్దేరాడు. ఈసారి మధ్య మధ్యలో సరుకులు తెప్పించే ఏర్పాటు ఉంది. ఫొటోగ్రాఫర్ కూడా ఉన్నాడు. పావెల్ కోసం పడవ మీద ఒక కుర్చీ కట్టారు. చలికాలంలో నదిపై ప్రయాణం ఆపేసి సర్వే పని చేశారు. 1872 సెప్టెంబర్‌లో నీటి ఉధృతి ఎక్కువగా ఉండటంతో లోయ మధ్యలోనే, కనాబ్ క్రీక్ దగ్గర యాత్ర ఆపేశారు. ఈ ట్రిప్‌లో ఒక్క ప్రాణం కూడా పోలేదు.

ఆ తర్వాత 1881 నుంచి 1894 వరకు అమెరికా జియలాజికల్ సర్వేకు డైరెక్టర్‌గా పనిచేశాడు. పశ్చిమ ప్రాంతంలో భూమికి తగ్గ నీళ్లు లేవని, నీటిని బట్టే సేద్యం ప్లాన్ చేసుకోవాలని 1878 రిపోర్టులోనే చెప్పాడు. 1893లో లాస్ ఏంజెలెస్ సభలో అదే మాట గట్టిగా చెబితే జనం గోల చేసి అడ్డుకున్నారు. 1902 సెప్టెంబర్ 23న ఆయన చనిపోయాడు. 1963లో గ్లెన్ కేనియన్ డ్యామ్ వెనక నిండడం మొదలైన రిజర్వాయర్‌కు ఆయన పేరే పెట్టారు.. లేక్ పావెల్.

ఇప్పుడు గ్రాండ్ కేనియన్ లోయలోకి దిగి రాత్రి క్యాంప్ చేయాలంటే ముందుగా పర్మిట్ తీసుకోవాల్సిందే. సొంతంగా పడవల్లో వెళ్లాలనుకునేవాళ్లకు లాటరీలో పేరు రావాలి. నదిలో లైఫ్ జాకెట్ తప్పనిసరి. 1869లో ఆ పది మందిలో లైఫ్ జాకెట్ ఉన్నది పావెల్ ఒక్కడికే.