చేతికింద వారి మాట విన్న ఖలీఫా - హజ్రత్ ఉమర్ ఫారూఖ్ (రజి)

హజ్రత్ ఉమర్ (రజి) పేరు వినగానే మనకు గుర్తొచ్చేది ఆయన న్యాయం. రాత్రివేళ మదీనా వీధుల్లో తిరిగి ప్రజల బాగోగులు తెలుసుకున్న సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. అయితే ఆయన జీవితంలో మనం అంతగా పట్టించుకోని విషయం ఒకటుంది. తన కింద పనిచేసే అధికారులతో ఆయన ఎలా మాట్లాడేవారు? వారిపై వచ్చిన ఫిర్యాదులను ఎలా విచారించేవారు? చేతికింద ఒక్క మనిషి పనిచేస్తున్నా సరే, ఈ సంగతి మనం తెలుసుకోవాలి.

ఆయన మక్కాలో, ఖురైష్ తెగలోని బనూ అదీ వంశంలో జన్మించారు. తండ్రి పేరు ఖత్తాబ్. మొదట్లో ఇస్లాంను తీవ్రంగా వ్యతిరేకించినా, విశ్వసించాక దైవప్రవక్త ముహమ్మద్ (స)కు అత్యంత సన్నిహిత సహచరులయ్యారు. ఆయన కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి) విశ్వాసుల మాతృమూర్తి. హిజ్రీ 13 (క్రీ.శ. 634)లో హజ్రత్ అబూబక్ర్ (రజి) మరణానంతరం ఖిలాఫత్ బాధ్యత ఆయన భుజాల మీద పడింది. పదేళ్లకు పైగా సాగిన ఆయన పాలనలో ఇరాక్, సిరియా, ఈజిప్టు ఇస్లామీయ రాజ్యంలో చేరాయి. అంత దూరాన ఉన్న గవర్నర్ల పనితీరు మదీనాలో కూర్చుని తెలుసుకోవడం ఆ రోజుల్లో తేలిక కాదు.

అందుకు ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నారు. హజ్ కాలంలో గవర్నర్లను పిలిపించేవారు. అదే సమయానికి ఆయా ప్రాంతాల ప్రజలూ వచ్చేవారు. ఎవరికి ఏ ఇబ్బంది ఉన్నా అక్కడే చెప్పుకోవచ్చు. ఏదైనా ఫిర్యాదు అందితే హజ్రత్ ముహమ్మద్ బిన్ మస్లమా (రజి) వంటి నమ్మకస్తులను పంపి విచారణ చేయించేవారు. ఒక మనిషిని పదవిలో కూర్చోబెట్టడంతో తన పని తీరిపోయిందని ఆయన ఏనాడూ అనుకోలేదు.

సిరియాలోని హిమ్స్ పట్టణ గవర్నర్ హజ్రత్ సయీద్ బిన్ ఆమిర్ (రజి) వృత్తాంతం చరిత్ర గ్రంథాల్లో ప్రసిద్ధం. ఆయనపై ప్రజలు నాలుగు ఫిర్యాదులు చేశారు. పొద్దెక్కితేగాని బయటకు రారు. రాత్రిపూట ఎవరు పిలిచినా పలకరు. నెలకొక రోజు అసలు కనిపించరు. అప్పుడప్పుడు స్పృహ తప్పి పడిపోతారు. హజ్రత్ ఉమర్ (రజి) చెవిన పడిన మాటతోనే తీర్పు చెప్పలేదు. ఇరుపక్షాలనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒక్కొక్క ఫిర్యాదుకూ సమాధానం అడిగారు. ఇంట్లో పనివారు లేనందున ఉదయం తానే పిండి కలిపి రొట్టెలు చేసుకుంటానని సయీద్ (రజి) చెప్పారు. పగలు ప్రజలకు, రాత్రి అల్లాహ్ ఆరాధనకు కేటాయించానన్నారు. మార్చుకోవడానికి వేరే బట్టలు లేవు గనుక నెలకోసారి ఉతుక్కుని, ఆరేదాకా ఇంట్లోనే ఉంటానన్నారు. ఇస్లాం స్వీకరించక ముందు మక్కాలో హజ్రత్ ఖుబైబ్ (రజి)ను చంపుతుంటే చూస్తూ నిలబడ్డానని, అది గుర్తొచ్చినప్పుడల్లా స్పృహ తప్పుతుందని వివరించారు. తన నమ్మకం వమ్ము కానందుకు హజ్రత్ ఉమర్ (రజి) అల్లాహ్‌కు కృతజ్ఞతలు తెలుపుకున్నారు. అడగకుండానే శిక్షించి ఉంటే ఎంత అన్యాయం జరిగేది!

హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) కూఫా గవర్నర్‌గా ఉన్నప్పుడు ఆయనకు నమాజు చేయించడం కూడా సరిగా రాదని కొందరు ఫిర్యాదు చేశారు. ఖలీఫా ఆయనను పదవి నుంచి తప్పించినా, పిలిపించి స్వయంగా ఆయన మాట విన్నారు. తర్వాత కూఫాకు మనుషులను పంపి మసీదు మసీదులో విచారించారు. ఒక్కచోట తప్ప అందరూ మంచే చెప్పారు. తన చివరి ఘడియల్లో, కొత్త ఖలీఫాను ఎన్నుకునే ఆరుగురిలో సాద్ (రజి) పేరు కూడా చేర్చారు. అసమర్థత వల్లగానీ, నమ్మకద్రోహం వల్లగానీ ఆయనను తొలగించలేదని అందరికీ స్పష్టం చేశారు. పదవి పోయినా మనిషి గౌరవం పోకూడదని ఆయన భావన.

తనకు వ్యతిరేకమైన మాట కూడా ఆయన వినేవారు. సిరియా ప్రయాణంలో సర్గ్ అనేచోట ప్లేగు వార్త తెలిసింది. ముహాజిర్లను, అన్సార్లను, ఖురైష్ పెద్దలను వేర్వేరుగా సంప్రదించి వెనుదిరగాలని నిర్ణయించారు. సేనాని హజ్రత్ అబూ ఉబైదా (రజి) ఆ నిర్ణయాన్ని ముఖం మీదే ప్రశ్నించారు. ఖలీఫా ఆయన నోరు మూయించలేదు, ఉదాహరణతో నచ్చజెప్పారు.

హిజ్రీ 23 (క్రీ.శ. 644)లో ఫజ్ర్ నమాజులో ఆయనపై కత్తిదాడి జరిగింది. దానికి నాలుగు రోజుల ముందు కూడా ఆయన ఇరాక్ భూముల శిస్తు చూసే హజ్రత్ హుజైఫా (రజి), హజ్రత్ ఉస్మాన్ బిన్ హునైఫ్ (రజి)లతో మాట్లాడుతున్నారు. భూమి మోయలేనంత భారం వేశారేమోనని అడిగారు. లేదన్నా, మరోసారి ఆలోచించుకోమన్నారు.

ఇక మన సంగతి చూద్దాం. మన హైదరాబాద్‌లో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వీధుల నిండా కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, మెస్సులు, దుకాణాలు. ఇలాంటి చోట్ల పనిచేసే కుర్రవాడిని యజమాని ఎప్పుడు పిలుస్తాడు? చాలాచోట్ల జీతం ఇచ్చేరోజు, తప్పు దొరికినరోజు మాత్రమే. గిరాకీ ముందే తిడతాడు. ఆ కుర్రవాడు కొద్ది రూపాయలు ఎక్కువిచ్చే చోటికి వెళ్ళిపోతే, విశ్వాసం లేదని నిందిస్తాడు. అతని కష్టమేమిటో ఒక్కసారైనా అడిగాడా?

సోదరులారా! దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. వారానికి ఒకరోజు, పోనీ జుమా నమాజు తర్వాత, పది నిమిషాలు కేటాయించండి. పనిలో ఇబ్బంది ఏమిటో, మీ వైపు నుంచి లోపం ఏమిటో అడగండి. బాగా చేసిన పనిని నలుగురిలో మెచ్చుకోండి, తప్పును చాటుగా సరిదిద్దండి. ఫిర్యాదు వస్తే రెండోపక్షం కూడా వినండి. ఇంట్లో పనిచేసే మనిషి విషయంలో సోదరీమణులూ ఇదే పాటించాలి. ప్రతి ఒక్కరూ కాపరేనని, తన మంద గురించి ప్రళయదినాన జవాబు చెప్పుకోవాలని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఆనాడు మన పనివాడే మనకు ఫిర్యాదుదారుగా నిలబడితే ఏం సమాధానం చెప్పగలం?

మన చేతికింద ఉన్నవారి మాట వినే సహనాన్ని, వారి హక్కు నెరవేర్చే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.