వెయ్యి ఉరుల మర్రి నేర్పే పాఠం

1857 పోరాటం అనగానే మనకు మీరట్, ఢిల్లీ, ఝాన్సీ గుర్తుకొస్తాయి. ఖానాపూర్‌కు పొరుగునే ఉన్న నిర్మల్, అక్కడ ప్రాణమిచ్చిన రాంజీ గోండు చాలామందికి గుర్తుకురారు.

ఆ పోరాటం దేశాన్ని రెండు పక్షాలుగా చీల్చింది. నిజాం ప్రధాని సాలార్‌జంగ్ ఆంగ్లేయుల వైపు నిలిచాడు. 1857 జులై 17న హైదరాబాద్‌లో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో రెసిడెన్సీపై జరిగిన దాడి విఫలమైంది. అయినా నిప్పు ఆరలేదు. ఉత్తర తెలంగాణ అడవుల్లో రాంజీ గోండులను కూడగట్టాడు, రోహిల్లాలను కలుపుకున్నాడు. వారి భాష వేరు, మతం వేరు. పోరు మాత్రం ఒక్కటైంది.

కొండలు, వాగులు, దారులు ఎరిగిన వారు చిన్న గుంపులుగా దెబ్బతీసి అడవిలోకి జారుకునేవారు. విల్లంబులు, బల్లేలు ఒకవైపు, తుపాకులు పట్టిన సైన్యం మరోవైపు. ఆ సైన్యంలోనూ ఎందరో ఈ దేశపు బిడ్డలే. అంతర్యుద్ధపు విషాదం అదే.

చివరకు రాంజీ పట్టుబడ్డాడు. 1860లో నిర్మల్ దగ్గర ఒక మర్రిచెట్టుకు ఆయననూ అనుచరులనూ ఉరితీశారు. వెయ్యిమంది అని జనం చెప్పుకుంటారు. అందుకే అది వెయ్యి ఉరుల మర్రి అయింది.

ఆ చెట్టు ఇప్పుడు లేదు. ఉరికెక్కిన వారిలో మనకు తెలిసిన పేర్లు బహు కొద్ది. తక్కినవారి పేర్లు పోయాయి. కనీసం రాంజీ పేరైనా మన పిల్లలకు చెప్పడం మన బాధ్యత. వేర్వేరు దేవుళ్లను కొలిచినవారు ఒకే కొమ్మ కింద ప్రాణం విడిచారని కూడా చెబుదాం.