బ్యాంకు గుమాస్తా గురువారాలు

రెడ్ క్రాస్ గుర్తు తెలియనివాళ్లు మన క్యాంపస్‌లో ఉండరు. రక్తదాన శిబిరం పెడితే బ్యానర్ మీద అదే ఉంటుంది. దాన్ని మొదలుపెట్టిన హెన్రీ డ్యూనాంట్ పేరు కూడా జీకే పుస్తకంలో ఒక బిట్టుగా అందరం చదివే ఉంటాం. మొదటి నోబెల్ శాంతి బహుమతి, 1901, అంతే. టిక్ పెట్టి ముందుకెళ్లిపోతాం.

ఈయన డాక్టరు కాదు, సైనికుడూ కాదు. స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో ఒక బ్యాంకు ఉద్యోగి. అందరూ ఆయన కథని యుద్ధభూమి దగ్గర మొదలుపెడతారు. నాకు మాత్రం అంతకు పదేళ్ల ముందు, బ్యాంకు పని అయ్యాక ఆయన గడిపిన సాయంత్రాలే ఎక్కువ ఆసక్తిగా అనిపించాయి.

డ్యూనాంట్ 1828 మే 8న జెనీవాలో పుట్టారు. కలిగిన కుటుంబమే. తండ్రి అనాథ పిల్లల బాగోగులు, జైలు నుంచి బయటికొచ్చినవాళ్ల బాగోగులు చూసేవారు. తల్లి పేదల ఇళ్లకీ, జబ్బుపడ్డవాళ్ల దగ్గరికీ వెళ్లేవారు. అంటే ఆ ఇంట్లో సేవ అనేది పండగ రోజు చేసే పని కాదు, వంటా వార్పూలాగా రోజువారీ పని. చదువు మాత్రం ఆయనకి అంతగా అబ్బలేదు. మార్కులు బాగా లేక కాలేజీ మానేయాల్సి వచ్చింది. (బ్యాక్‌లాగులున్న మిత్రులు కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు!) 1849లో, ఇరవై ఒక్క ఏళ్ల వయసులో, లులాన్ ఎ సోటేర్ అనే బ్యాంకులో అప్రెంటిస్‌గా చేరారు. శిక్షణ బాగా పూర్తి చేసి అక్కడే ఉద్యోగిగా కుదురుకున్నారు.

అప్పటికే పద్దెనిమిదేళ్ల వయసు నుంచి ఆయన ఒక దానధర్మ సంఘంలో సభ్యుడు. ఆ మరుసటి ఏడాదే స్నేహితులతో కలిసి గురువార సంఘం అనేది పెట్టుకున్నారు. కుర్రాళ్లందరూ కలిసి బైబిలు చదువుకోవడం, పేదలకి సాయం చేయడం దాని పని. ఖాళీ సమయంలో ఎక్కువ భాగం డ్యూనాంట్ జైల్లో ఖైదీలని పలకరించడానికీ, పేదల కోసమూ పెట్టేవారు. ఉద్యోగంలో చేరాక కూడా ఇది ఆగలేదు. 1852లో జెనీవాలో వైఎంసీఏ శాఖ మొదలుపెట్టారు. వేరే దేశాల్లో ఉన్న ఇలాంటి సంఘాలకి విడవకుండా ఉత్తరాలు రాసేవారు. 1855లో ఆ సంఘాలన్నీ పారిస్‌లో కలిసి ప్రపంచ స్థాయి సంస్థగా ఏర్పడినప్పుడు అందులో ఆయన పాత్ర ఉంది.

ఇక్కడ నేను గమనించింది ఒకటుంది. ఉత్తరాలు రాయడం, లెక్కలు చూసుకోవడం, నలుగురినీ ఒకచోట చేర్చి ఎవరి పని వాళ్లకి అప్పగించడం, ఇవన్నీ బ్యాంకు గుమాస్తా పనులే. పగలు చేసే ఉద్యోగం నేర్పిన పనితనమే సాయంత్రం ఊరికి ఉపయోగపడింది.

1853లో ఉద్యోగం పని మీదే అల్జీరియా వెళ్లారు. అప్పటికి అది ఫ్రాన్స్ ఆక్రమణలో ఉంది. అక్కడి భూములని యూరప్ కంపెనీలకి కట్టబెడుతున్న రోజులు. కొన్నేళ్లకి డ్యూనాంట్ కూడా సొంతంగా గోధుమ మిల్లుల కంపెనీ పెట్టారు. పేదల కోసం సాయంత్రాలు వెచ్చించిన మనిషి, ఇంకొకరి దేశంలో లాక్కున్న నేల మీద వ్యాపారం చేయబోయారు. ఇది దాచాల్సిన విషయం కాదు. మిల్లుకి నీళ్ల హక్కులు, భూమి హక్కులు తేలలేదు. అధికారులు తిప్పుకుంటూనే ఉన్నారు. విసిగిపోయి ఏకంగా ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్‌నే కలిసి అడుగుదామని బయల్దేరారు. చక్రవర్తి అప్పుడు ఉత్తర ఇటలీలో ఆస్ట్రియాతో యుద్ధంలో ఉన్నాడు.

అలా 1859 జూన్ 24 సాయంత్రానికి ఆయన సోల్ఫెరీనో దగ్గరికి చేరారు. ఆ రోజు అక్కడ జరిగిన పోరులో చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు కలిపి దాదాపు 40,000 మంది. పక్కనే ఉన్న కాస్తిలియోనే అనే చిన్న ఊరికి గాయపడ్డవాళ్లని బండ్ల మీద తెచ్చి పడేస్తున్నారు. చర్చి నిండిపోయింది, వీధులు నిండిపోయాయి. చూసే డాక్టర్లు చాలా కొద్దిమంది.

డ్యూనాంట్ దగ్గర వైద్యం లేదు. ఉన్నది ఆ గురువారాల అలవాటే. ఊరి ఆడవాళ్లని, కుర్రాళ్లని పోగుచేసి నీళ్లు ఎవరు ఇవ్వాలో, కట్లు ఎవరు కట్టాలో పంచారు. దగ్గరి పట్నమైన బ్రెషియాకి బండి పంపి నిమ్మకాయలు, పంచదార, చొక్కాలు, కట్టుగుడ్డలు, పొగాకు తెప్పించారు. ఖర్చు తనదే. చనిపోబోతున్నవాళ్ల ఇళ్లకి ఉత్తరాలు రాశారు. బందీలైన ఆస్ట్రియా డాక్టర్లని వైద్యం చేయనివ్వమని ఫ్రెంచివాళ్లని ఒప్పించారు. ఏ దేశపు సైనికుడని చూడకుండా ఊరి ఆడవాళ్లు అందరికీ ఒకేలా సేవ చేశారు. రెడ్ క్రాస్ మూలసూత్రం వాళ్ల చేతుల్లోనే పుట్టిందని నా నమ్మకం.

తిరిగొచ్చాక చూసిందంతా ఒక పుస్తకంగా రాసి, 1862లో సొంత డబ్బుతో 1,600 ప్రతులు వేయించి యూరప్ అంతా పంచారు. అందులో రెండు ప్రతిపాదనలు చేశారు. ఒకటి, యుద్ధం వచ్చాక హడావిడి పడకుండా శాంతికాలంలోనే ప్రతి దేశంలో స్వచ్ఛంద సేవకులకి శిక్షణ ఇవ్వాలి. రెండు, గాయపడ్డవాళ్లకీ, వాళ్లని చూసేవాళ్లకీ అన్ని దేశాలూ ఒప్పందం ద్వారా రక్షణ ఇవ్వాలి. 1863 ఫిబ్రవరిలో జెనీవాలో ఐదుగురితో ఒక కమిటీ కూర్చుంది. లాయరు మోయినియే, జనరల్ డ్యూఫూర్, డాక్టర్లు ఆపియా, మోన్వార్, ఐదోవారు డ్యూనాంట్. 1864 ఆగస్టు 22న 12 దేశాలు మొదటి జెనీవా ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఆ సమావేశంలో డ్యూనాంట్‌కి దక్కిన పని వచ్చిన అతిథుల బస చూసుకోవడం!

ఈలోగా సొంత వ్యాపారం గాలికి పోయింది. 1867లో దివాలా తీశారు. ఆయన డైరెక్టరుగా ఉన్న బ్యాంకూ కూలింది. అప్పులు దాదాపు పది లక్షల ఫ్రాంకులు. ఆయన మోసపూరితంగా వ్యవహరించారని మరుసటి ఏడాది కోర్టు తేల్చింది. కమిటీ నుంచీ, తాను పెట్టిన వైఎంసీఏ నుంచీ బయటికి పంపేశారు. డబ్బు పోతే క్షమించే ఊరు కాదు జెనీవా. ఊరు విడిచి వెళ్లిన మనిషి మళ్లీ అక్కడ అడుగు పెట్టలేదు. తర్వాతి ఏళ్లలో కోటు వెలిసిపోతే సిరాతో నలుపు చేసుకుని, కాలరుకి సుద్దతో తెలుపు వేసుకుని, కొన్ని రాత్రులు ఆరుబయట పడుకున్నారట.

1887లో హైడెన్ అనే కొండ ఊరికి చేరారు. 1892 నుంచి అక్కడి ఆసుపత్రిలోనే ఉండిపోయారు. రెడ్ క్రాస్ ప్రపంచమంతా పెరుగుతోంది, పెట్టిన మనిషి ఉన్నాడో లేడో కూడా చాలామందికి తెలియదు. 1895లో ఒక పత్రికా సంపాదకుడు ఆయన్ని కలిసి రాస్తే గానీ లోకానికి గుర్తు రాలేదు. 1901లో మొట్టమొదటి నోబెల్ శాంతి బహుమతి ఆయనకీ, ఫ్రెంచి శాంతివాది ఫ్రెడెరిక్ పాసీకీ కలిపి ఇచ్చారు. అప్పులవాళ్ల చేతికి చిక్కకుండా ఒక నార్వే డాక్టరు ఆ డబ్బుని నార్వే బ్యాంకులోనే జమ చేయించారు.

ఆ డబ్బుతో డ్యూనాంట్ హాయిగా బతకొచ్చు. ముట్టుకోలేదు. 1910 అక్టోబర్ 30న, 82వ ఏట, అదే ఆసుపత్రిలో కన్నుమూశారు. వీలునామాలో కొంత డబ్బు ఆ ఊరి పేదలకి ఆసుపత్రిలో ఒక ఉచిత మంచం ఉండేందుకు రాశారు. కొంత స్నేహితులకి, సేవాసంస్థలకి ఇచ్చారు. మిగిలింది అప్పులవాళ్లకి వెళ్లింది. బాకీ పూర్తిగా తీరలేదు.

ఈ జీవితాన్ని ఎలా లెక్కగట్టాలి? ఆయన చేసిన మంచి ఆ మోసం తీర్పుని చెరిపేయదు. ఆ తీర్పు వల్ల కాస్తిలియోనేలో దాహం తీరిన సైనికుడి దాహమూ అబద్ధం అయిపోదు. రెండు పద్దులూ పక్కపక్కనే ఉంచాలి. ఆయన వీలునామా కూడా అలాగే ఉందనిపిస్తుంది, ఒకవైపు పేదవాడి మంచం, ఇంకోవైపు అప్పులవాళ్లు.

ఎన్ఎస్ఎస్‌లో ఏడాదికి 120 గంటలు పూర్తయితే సర్టిఫికెట్ వస్తుంది, రెజ్యూమేలో ఒక లైను పడుతుంది. తప్పేం లేదు. కానీ మనలో సగం మంది రేపు ఐటీలోనో, ఐబీపీఎస్ రాసి ఏ చిన్న ఊరి బ్యాంకు బ్రాంచిలోనో కూర్చుంటాం. అక్కడ గంటలు లెక్కపెట్టేవాళ్లుండరు. పాస్‌బుక్ చదవడం రాని ముసలమ్మలుంటారు, ఫారం నింపలేక గుమ్మం దగ్గరే నిలబడిపోయేవాళ్లుంటారు. డ్యూనాంట్‌కి సోల్ఫెరీనో ఒక్కసారే ఎదురైంది. గురువారాలు మాత్రం ప్రతి వారం వచ్చాయి. మనకీ వస్తాయి.