మొలొకాయి ద్వీపమున డేమియన్

పసిఫిక్ మహాసముద్రమునందలి హవాయి ద్వీపములలో మొలొకాయి యొకటి. దాని యుత్తరమున మూడువైపుల సముద్రమును, నాలుగవవైపున గోడవలె నిలిచిన కొండయును గల చిన్న భూభాగము కలదు. కుష్ఠరోగులను వేరుగా నుంచవలెనని హవాయి ప్రభుత్వము 1865లో శాసనము చేసి, మరుసటి జనవరిలో 12 మందిని ఓడలో తెచ్చి అచట దింపెను. ఆ వ్యాధికి అప్పుడు మందు లేదు. భయము మాత్రము మెండు. తరువాత వందలకొలది రోగులను తెచ్చిరి. తల్లినుండి బిడ్డను, భర్తనుండి భార్యను విడదీసిరి. కొందఱి బంధువులు తమకు రోగము లేకున్నను, తమవారిని విడువలేక వెంట వచ్చి సేవచేసిరి. వారి పేరులు చరిత్రలో అంతగా కానరావు. తక్కిన లోకమునకు ఆ రోగులు బ్రతికియుండగనే చచ్చినవారు.

వారి నడుమ నివసింపవచ్చిన డేమియన్ 1840 జనవరి 3వ తేదీన బెల్జియము దేశమున ట్రెమెలో గ్రామమందు జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు జోసఫ్. అన్న ననుసరించి క్రైస్తవ సన్న్యాసుల సంఘమున చేరి, డేమియన్ అను పేరు గ్రహించెను. హవాయికి పోవలసిన అన్న జ్వరపడగా, తమ్ముడు ఆతని స్థానమున బయలుదేరి 1864లో హొనొలులు చేరి, ఆ యేడే గురుపట్టము పొందెను.

1873లో మొలొకాయి రోగులకొక గురువు కావలసివచ్చెను. నలుగురు ముందుకు వచ్చిరి. కొన్ని వారముల చొప్పున వంతులవారీగా పోవుటకు నిర్ణయమైనది. మొదటి వంతు డేమియనుది. మే 10వ తేదీన ఆతడు అచట దిగెను. రెండవవాని వంతు రాకయే పోయెను. డేమియన్ అచటనే నిలిచిపోయెను. అప్పటికి ఆతనికి 33 ఏండ్లు.

తొలి రాత్రులు ఆతడొక మొగలిచెట్టు క్రింద పరుండెను. రోగుల గుడిసెలలో పుండ్ల దుర్గంధమునకు తాళలేక ఒక్కొక్కప్పుడు బయటికి రావలసివచ్చెడిది. ఆ వాసనను అణచుటకై పొగ త్రాగుట అలవాటు చేసికొనెను. ఆతనికి జుగుప్స యెఱుగని మహాత్ముడని పేరు పెట్టుట సరికాదు. జుగుప్స కలిగియు మరల లోనికి పోయినవాడు.

దేవుడు మానవుని తన పోలికగా సృజించెనని క్రైస్తవుల విశ్వాసము. చెవులు, ముక్కు రూపుమాసిన ముఖమునందును ఆ పోలిక చెక్కుచెదరదని డేమియన్ నమ్మెను. అందుచే పుండ్లను తన చేతులతో కడిగి కట్టెను. చేమదుంపల ముద్దను రోగులతో నొకే పాత్రలో చేయిపెట్టి తినెను. పూర్వమచట చచ్చినవారిని పెట్టె లేకయే లోతులేని గోతులలో పూడ్చెడివారు. డేమియన్ స్వయముగా రంపము పట్టి శవపేటికలు చేసెను, గోతులు త్రవ్వెను, శ్మశానమునకు కంచె కట్టెను. దిక్కులేనివాడు చచ్చినను ప్రార్థన జరుగవలసినదే. బ్రతికియున్నవారికి ఇండ్లు కట్టించి, గొట్టముల ద్వారా కొండనీరు తెప్పించెను. రోగులచే పాటలు పాడించి, వాద్యములు వాయింపించెను. ఆతడు శాంతమూర్తి కాడు, ముక్కోపి. కలపకొఱకు, బట్టలకొఱకు అధికారులతో తగవుపడుచునే యుండెను.

ఉపదేశించునపుడు ఆతడు రోగులను వేరుగా సంబోధింపక, తన్నును వారిలో చేర్చుకొని కుష్ఠరోగులమైన మనమని పలికెడివాడు. రోగము సోకిన పిమ్మటనే ఇట్లు పలికెనని పలువురు తలంతురు. కాని వచ్చిన తొలి యేడే ఈ సంగతిని అన్నకు లేఖలో తెలిపెను. అప్పటికి ఆతని దేహము ఆరోగ్యముగనే యుండెను.

1884 చివర నొకనాడు ఆతని కాలు సలసల కాగు నీటిలో పడెను. చర్మము బొబ్బలెక్కెను గాని బాధ తెలియలేదు. దాని అర్థమేమో ఆతనికి ఒకరు చెప్పనక్కరలేదు. మఱి నాలుగేండ్లు మునుపటివలెనే పనిచేసెను. 1886లో డటన్ అను అమెరికనుడును, 1888లో మరియాన్ కోప్ అను సన్న్యాసినియు తోడ్పడ వచ్చిరి. 1889 ఏప్రిల్ 15వ తేదీన డేమియన్ మరణించెను. రోగులు ఆతనిని తొలి రాత్రులు పరుండిన ఆ మొగలిచెట్టు క్రిందనే సమాధిచేసిరి.

ఆతడు మురికివాడనియు, మొండివాడనియు ఒక మతాచార్యుడు నిందింపగా, ఆంగ్ల రచయిత స్టీవెన్సన్ 1890లో ఘాటైన ప్రత్యుత్తరము ప్రకటించెను. కుష్ఠవ్యాధికి తగిన మందులు 1940 తరువాతగాని రాలేదు. హవాయిలో నిర్బంధ శాసనము 1969 వరకు నిలిచెను. కథోలిక సంఘము 2009లో డేమియనును పునీతునిగా ప్రకటించెను.

1936లో బెల్జియము ప్రభుత్వము ఆతని అస్థికలను స్వదేశమునకు కొనిపోయెను. మొలొకాయి వాసులు మిక్కిలి దుఃఖించిరి. 1995లో వానిలో కుడిచేతి యెముక మాత్రము తిరిగి వచ్చెను. దానిని మొదటి సమాధియందే ఉంచిరి.