పియెర్ రోబిన్

పియెర్ రోబిన్ (1867 - 1950) ఫ్రాన్సు దేశానికి చెందిన ప్రముఖ నోటి వైద్యుడు. క్రింది దవడ బాగా చిన్నదిగా పుట్టిన శిశువులలో నాలుక మొదలు వెనుకకు జారి శ్వాసకు అడ్డుపడుతుందని 1923లో వివరించి వైద్యరంగంలో పేరుపొందాడు. ఇటువంటి శిశువులలో చాలామందికి అంగిలి చీలిక కూడా ఉంటుంది. ఈ లక్షణముల వరుసను నేడు పియెర్ రోబిన్ సీక్వెన్స్ లేదా క్లుప్తంగా రోబిన్ సీక్వెన్స్ అని వ్యవహరిస్తారు.

వృత్తి జీవితము

రోబిన్ పారిస్ నగరంలోని ఫ్రెంచి స్టొమటాలజీ పాఠశాలలో ఆచార్యుడుగా పనిచేశాడు. స్టొమటాలజీ అనగా దంతములకే పరిమితము కాక నోటినంతటినీ పరిశీలించే వైద్యశాఖ. ఈ శాఖకు సంబంధించిన ఒక ఫ్రెంచి పత్రికకు ఈయన సంపాదకత్వం వహించాడు. పలువరుస, దవడల పెరుగుదల, శ్వాస, బిడ్డ ఆరోగ్యము - ఇవన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నవని ఈయన అభిప్రాయము.

మోనోబ్లాక్

1902లో రోబిన్ మోనోబ్లాక్ అనే పరికరాన్ని రూపొందించాడు. ఇది రెండు దవడల మధ్య వదులుగా అమరి, క్రింది దవడను ముందుకు తెచ్చి నిలిపే ఒకే ముక్క సాధనము. పలువరుసను సరిచేసే చికిత్సలో తరువాత వచ్చిన అనేక పరికరములకు ఇది పూర్వరూపము. పెద్దలలో గురకను, నిద్రలో శ్వాస ఆగుటను తగ్గించుటకు నేడు రాత్రివేళ నోటిలో పెట్టుకొనే పరికరములు కూడా ఈ సూత్రము మీదనే పనిచేస్తాయి.

1923 నాటి వివరణ

చిన్న దవడ, అంగిలి చీలిక కలిసి ఉన్న శిశువులను రోబిన్ కంటె ముందే కొందరు వైద్యులు గమనించారు. 1891లో లానెలాంగ్, మెనార్ అనే ఫ్రెంచి వైద్యులు అటువంటి ఇద్దరు శిశువులను గురించి వ్రాశారు. 1911లో షుకోవ్‌స్కీ అనే వైద్యుడు నాలుకను పెదవికి కుట్టి శ్వాసమార్గము తెరచుకొనునట్లు చేశాడు. అయినా ఈ విషయము వైద్యుల దృష్టిలో నిలువలేదు.

1923లో ఫ్రెంచి వైద్య అకాడమీ పత్రికలో వెలువడిన వ్యాసంలో, నాలుక మొదలు జారుట శ్వాసకు ఇబ్బంది కలిగించే కొత్త కారణమని రోబిన్ ప్రతిపాదించాడు. దీనికి గ్లాసోప్టోసిస్ అని పేరు. 1929లో ఇది పిల్లలకు తీవ్రమైన ప్రమాదమని హెచ్చరిస్తూ ఒక గ్రంథము ప్రకటించాడు. 1934లో ఒక అమెరికా పత్రికలో వ్రాసిన వ్యాసంలో అంగిలి చీలికను కూడా ప్రస్తావించాడు. క్రింది దవడ పై దవడకంటె 1 సెంటీమీటరుకు మించి వెనుక ఉన్న శిశువులు ఏడాదిన్నర దాటి బ్రతుకుట తాను చూడలేదని ఈయన తెలిపాడు. ఆ కాలంలో ఈ స్థితి ఎంత ప్రాణాంతకమో దీనిని బట్టి తెలుస్తుంది.

నిద్రలో శ్వాసకు ఆటంకము

నాలుకను ముందుకు పట్టి ఉంచే ప్రధాన కండరము క్రింది దవడ లోపలివైపున అంటుకొని ఉంటుంది. దవడ వెనుకకు ఉంటే నాలుక మొదలు కూడా వెనుకకు జరిగి గొంతును ఇరుకు చేస్తుంది. మెలకువగా ఉన్నప్పుడు కండరముల బిగువు కొంత రక్షణ ఇస్తుంది. నిద్రలో ఆ బిగువు సడలుతుంది. వెల్లకిల పడుకున్నప్పుడు బరువు వలన నాలుక మరింత జారుతుంది. అప్పుడు గురక, శ్వాస మధ్యమధ్య ఆగుట, ఊపిరి తీయునప్పుడు డొక్కలు లోనికి పోవుట, పెదవులు నీలముగా మారుట వంటి లక్షణములు కనిపించవచ్చు. పాలు త్రాగుట కష్టమై, ఊపిరి తీయుటకే శక్తి ఖర్చయి బిడ్డ బరువు పెరగదు. కొందరు శిశువులలో శబ్దమేమీ లేకుండానే ఆటంకము ఉంటుంది. అందువలన నిద్రలో శ్వాసను, రక్తంలోని ఆక్సిజన్‌ను యంత్రములతో కొలుస్తారు.

అంగిలి చీలికతో సంబంధము

గర్భములో అంగిలి రెండు ప్రక్కల నుండి వచ్చి మధ్యలో కలుస్తుంది. దవడ చిన్నదైతే నాలుక పైననే నిలిచి ఆ కలయికకు అడ్డుపడుతుందని, అందువలన ఇంగ్లీషు యు అక్షరము ఆకారంలో చీలిక ఏర్పడుతుందని భావిస్తున్నారు. ఒకదాని వెంట మరొకటి సంభవించుట వలన దీనిని సీక్వెన్స్ అన్నారు. ఈ శిశువులలో సాధారణంగా పెదవి చీలి ఉండదు. పెదవి చీలికను తెలుగువారు గ్రహణము మొర్రి అంటారు. గ్రహణ సమయంలో గర్భిణి బయటకు వచ్చుట వలన ఇది కలుగుతుందనే నమ్మకానికి శాస్త్రీయ ఆధారము లేదు. పెదవి సవ్యంగా ఉన్నందున లోపలి చీలిక వెంటనే కనబడకపోవచ్చు. కావున పుట్టిన బిడ్డ నోటి లోపల పరీక్షించుట అవసరము.

చికిత్స

బిడ్డను నిటారుగా ఉంచి పాలు పట్టాలని రోబిన్ సూచించాడు. తరువాతి కాలంలో బోర్లా పడుకోబెట్టుట, ముక్కు గుండా గొంతులోనికి గొట్టము అమర్చుట వాడుకలోనికి వచ్చాయి. 1946లో డగ్లస్ అనే అమెరికా వైద్యుడు నాలుకను పెదవికి కలిపే శస్త్రచికిత్సను మెరుగుపరచాడు. పిల్లలలో క్రింది దవడ ఎముకను క్రమంగా సాగదీసే పద్ధతిని 1992లో మెకార్తీ బృందము ప్రకటించింది. జర్మనీలోని ట్యూబింగెన్ వైద్యులు నాలుకను ముందుకు నెట్టే అంగిలి పలకను ప్రవేశపెట్టారు. అంగిలి చీలికను కుట్టిన తరువాత శ్వాసమార్గము ఇరుకు కావచ్చును గనుక శస్త్రచికిత్సకు ముందు కూడా నిద్రలో శ్వాసను పరీక్షించుట మంచిది.

బోర్లా పడుకోబెట్టుట వైద్యుల పర్యవేక్షణలో ఈ శిశువులకు మాత్రమే వర్తిస్తుంది. ఆరోగ్యవంతులైన శిశువులను వెల్లకిల పడుకోబెట్టుటయే క్షేమము.

విమర్శలు, గుర్తింపు

పిల్లల అనారోగ్యములలో అనేకమునకు నాలుక జారుటయే మూలమని రోబిన్ విశ్వసించాడు. అంత విస్తృతమైన వాదాన్ని తరువాతి వైద్యులు అంగీకరించలేదు. అయితే చిన్న దవడను కేవలము ముఖ వికారముగా చూడక, బిడ్డ ఊపిరికి సంబంధించిన అత్యవసర సమస్యగా గుర్తింపజేసిన ఘనత ఈయనకే దక్కుతుంది. రోబిన్ 1950లో మరణించాడు. ఒకప్పుడు ఏడాదిన్నర దాటి బ్రతుకుట చూడలేదని ఈయన వ్రాసిన శిశువులలో అత్యధికులు, ఇతర తీవ్ర లోపములు లేనప్పుడు, తగిన చికిత్సతో నేడు పెరిగి పెద్దవారవుతున్నారు.