విలియం కేరీ దొరగారి పట్టుదల

విలియం కేరీ 1761వ సంవత్సరమున ఇంగ్లండు దేశమందలి యొక బీద కుటుంబమున జన్మించెను. చెప్పులు కుట్టుచునే లాటిను, గ్రీకు, హెబ్రీ భాషల నభ్యసించెను. 1793లో సువార్తసేవకై బెంగాలునకు వచ్చెను. మరుసటి యేటనే కుమారుడు పీటరు మృతినొందెను. కంపెనీవారు మిషనరీలను సహింపకుండుటచే, 1800లో డేనిషువారి శ్రీరాంపురము చేరి, మార్ష్‌మన్, వార్డు గార్లతో గూడి ముద్రాక్షరశాల స్థాపించెను. ఏడేండ్ల ప్రయాసకు పిమ్మట ఆ యేటి డిసెంబరులో కృష్ణపాల్ అను వడ్రంగి మొదటగా బాప్తిస్మము పొందెను.

1812 మార్చి 11న ముద్రాక్షరశాల తగులబడి, ఎన్నో యేండ్ల వ్రాతప్రతులు బూడిదయ్యెను. ఆయన కరిగిన లోహముతో అక్షరములను మరల పోతపోయించి, పోయిన గ్రంథములను తిరిగి వ్రాయ మొదలిడెను. 1814లో ఆయన రచించిన తెలుగు వ్యాకరణము అచ్చయ్యెను. 1834లో పరమపదించెను.

విద్యార్థులారా, ఒక లెక్క తప్పినంతనే పలక పారవేయు మనము ఆ బూడిదను జ్ఞాపకముంచుకొందము.