ఆకాశశిలల సత్యమును నిలిపిన క్లాడ్నీ

ఆకాశమునుండి ఱాళ్లు పడునని పల్లెవాండ్రు చెప్పగా ఐరోపాఖండపు పండితులు చిరకాలము నవ్వుచుండిరి. ఆ పల్లెవాండ్ర మాటను చెవియొగ్గి వినిన శాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ క్లాడ్నీ. ఆయన చరిత్రమును సంగ్రహముగా మా పాఠకులకు తెలుపుచున్నాము.

క్లాడ్నీ జర్మనీదేశమునందలి విట్టెన్‌బర్గు నగరమున 1756వ సంవత్సరము నవంబరు 30వ తేదీని జనించెను. తండ్రి న్యాయశాస్త్రోపాధ్యాయుడు, మిగుల కఠినుడు. కుమారునకు ప్రకృతిశాస్త్రమునందు మక్కువ యున్నను తండ్రి యాజ్ఞకు లోబడి న్యాయశాస్త్రమునే చదివెను. 1782లో తండ్రి గతించిన పిదప తన కిష్టమైన మార్గమును పట్టెను. లోహపు ఱేకుపై ఇసుక చల్లి, దాని యంచున ఫిడేలు కమాను లాగినయెడల ఇసుక చిత్రరూపములు దాల్చుటను 1787లో ప్రకటించి కీర్తిగాంచెను. ఐనను ఏ విశ్వవిద్యాలయమును ఆయనకు ఉద్యోగ మీయలేదు. ఊరూర నుపన్యసించి జీవించు ఆయనకు మంచి పేరే యాస్తి.

1793లో గొట్టింగెను నగరమున లిక్టెన్‌బర్గను పండితునితో అగ్నిగోళములనుగూర్చి సంభాషించి, అచటి గ్రంథాలయమున మూడు వారములు పూర్వుల వ్రాతలను శోధించెను. ఇచట న్యాయశాస్త్రము ఆయన కక్కరకు వచ్చెను. భిన్నదేశములవారు, భిన్నకాలములవారు, ఒకరినొకరు ఎఱుగనివారు ఒక్కతీరుననే చెప్పియుండిరి: మొదట వెలుగు, పిదప ఉఱుమువంటి ధ్వని, తరువాత శిలాపాతము. ఇట్టి సాక్ష్యము కల్ల కానేరదని నిశ్చయించి, ఈ శిలలు అంతరిక్షమునుండియే వచ్చుచున్నవని 1794లో ఒక గ్రంథమున వెల్లడించెను. అనేకులు పరిహసించిరి. పేరు పోవునను భయము గలిగియు ఆయన తన మాటను మరలింపలేదు.

అంతట ఆకాశమే ఆయన పక్షమున సాక్ష్యమిచ్చెనా యనునట్లు, 1794లో ఇటలీయందలి సియెనాయొద్దను, 1795లో ఇంగ్లండునందలి వోల్డ్ కాటేజియొద్దను, 1798లో మన దేశమున కాశీ సమీపమునను ఱాళ్లు పడెను. హోవర్డను రసాయనశాస్త్రజ్ఞుడు వానిని పరీక్షించి, అవి యన్నియు నొక్క పోలికవే యనియు, వానియందలి ఇనుములో నికెలు కలదనియు 1802లో ప్రకటించెను. 1803 ఏప్రిల్ 26వ తేదీని ఫ్రాన్సునందలి లేగ్ల్ పట్టణముచెంత పట్టపగలు రమారమి 3,000 ఱాళ్లు కురిసెను. బియో యను యువశాస్త్రజ్ఞుడు అచటికేగి, ఊరూర విచారించి, సంగతి సత్యమేయని నివేదించెను. పండితుల నవ్వు నాటితో అణగెను.

క్లాడ్నీ తుదివఱకు ఆకాశశిలలను సేకరించుచు, వానిని బెర్లిను విశ్వవిద్యాలయమున కొసగునట్లు ఏర్పఱచి, 1827 ఏప్రిల్ 3వ తేదీని బ్రెస్లా నగరమున దివంగతుడయ్యెను.

పడుచుండగా జనులు చూచిన ఆకాశశిలలలో నూటికి 90కి పైగా ఱాతివే. క్రొత్తగా పడినవానికి పైని పలుచని నల్లని పొరయు, లోపల బూడిదవన్నెయు, పెక్కింటియందు చిన్న ఇనుపరేణువులును గానవచ్చును. వీనిని మొదట చూచువారు తఱచుగా సేద్యగాండ్రు, పసులకాపరులు. విద్యార్థులారా! చదువు రానివాడు చెప్పెనని యే మాటనైనను త్రోసివేయక, విచారించి నిర్ణయించుటయే నిజమైన విద్య యని క్లాడ్నీ జీవితము మనకు నేర్పుచున్నది.